దీపము చూచి దాగెడు చేపలు

సాయంకాలము ఇంటికి చుట్టములు వచ్చుదురు. గృహస్థు వారిని ముందుగదిలో కూర్చుండబెట్టి, మూలనున్న గాజుతొట్టిని చూపవలెనను ఉత్సాహముతో దానిపై దీపము వెలిగించును. అంతవరకు నీటిలో స్వేచ్ఛగా తిరుగుచుండిన చేపలు రెప్పపాటులో మాయమగును. ఒకటి రాతివెనుకకు, ఒకటి నాచు నడుమకు, ఒకటి ఇసుకలోనికి పోవును. చుట్టములు మర్యాదకు "తొట్టి బాగున్నదండీ" అని, కాఫీ త్రాగి లేతురు. గృహస్థు చిన్నబుచ్చుకొని గాజుపై వ్రేలితో టకటక కొట్టును. చేప మరింత లోపలికి పోవును. రేడియో ప్రక్కనే చేపలతొట్టికి కూడ చోటు కల్పించిన ఇండ్లు మన ప్రాంతమున తక్కువ కావు గనుక, ఈ అనుభవము శ్రోతలలో పలువురకు ఉండియే యుండును.

మా యింటను ఇదియే జరిగినది. మేము రాజమహేంద్రవరమున మొదటిసారి తొట్టి పెట్టినపుడు, అంగడిలో దొరకు రంగురంగుల విదేశపు చేపలతో తృప్తి చెందక, కాలువలో దొరికిన చిన్న బొమ్మిడాయి నొకదానిని తెచ్చి అందులో వేసితిమి. గోదావరి జిల్లాలవారికి బొమ్మిడాయిని పరిచయము చేయనక్కరలేదు. అయితే దానిని పులుసులో ఎరిగినంతగా నీటిలో ఎరిగినవారు తక్కువ. మొదటి వారమంతయు అది మా కంటబడలేదు. "బొమ్మిడాయి ఉన్నదా, పోయినదా?" అని పిల్లలు దినమునకు పదిసార్లు అడుగజొచ్చిరి. మేము విసిగి, అది దాగుచున్న కుండపెంకును, రాళ్ళను తీసివేసి, దీపమును మరింత పెద్దది పెట్టితిమి. ఇప్పుడు చేప చక్కగా కనబడినది. రెండు దినములు అది గాజు వెంబడి ముక్కు రాచుకొనుచు పైకిని క్రిందికిని తిరిగినది. "ఎంత చురుకుగా ఉన్నదో" అని మేము సంతోషించితిమి. మూడవనాటి ఉదయమున అది తొట్టి బయట, గచ్చుమీద, ఎండిపోయి పడియున్నది. మూతకును గాజునకును నడుమ వ్రేలెడు సందున్నది. రాత్రి ఆ సందులోనుండి పోయినది.

అది చురుకుదనము కాదు, తప్పించుకొనుటకు దారి వెదకుట యని మాకు తరువాత తెలిసినది. మేము దాని ఇల్లు పీకి, నెత్తిన దీపము పెట్టితిమి. అటుపిమ్మట తెలిసికొన్న సంగతులు ముందే తెలిసియున్నచో ఆ చేప బ్రదికియుండెడిది. ఆ సంగతులనే ఇక్కడ చెప్పుచున్నాము.

ముందుగా తెలియవలసినది, దాగెడు చేపలన్నియు ఒక్క కారణముచేత దాగుట లేదనునది. కొన్ని జాతులకు రాత్రియే పగలు. బొమ్మిడాయి, జెల్ల, ఇంగిలాయి, మార్పు మొదలైనవి ఈ తెగలోనివి. బొమ్మిడాయి పగలు మెత్తని ఇసుకలోనో ఒండ్రులోనో దూరి, ముక్కుకొన మాత్రము బయట పెట్టుకొని పడియుండును. చీకటిపడగానే లేచి, పురుగులను, ఎఱ్ఱలను వెదకుకొనును. జెల్లకు, ఇంగిలాయికి మూతిచుట్టు మీసములు గలవు. వానితో రుచిని, స్పర్శను గ్రహించి చీకటిలో ఆహారమును కనుగొనును. ఇట్టి చేప దీపము వెలుగగానే దాగుట జబ్బు కాదు, దాని స్వభావము. గుడ్లగూబ పగలు తొఱ్ఱలో నుండుట వంటిదే యిది.

మరికొన్ని జాతులు పగటి చేపలు. మన దేశపు ఏళ్ళలోను వాగులలోను పుట్టి, నీలిచారలతో మెరయుచు, నేడు ప్రపంచమంతట గాజుతొట్లలో తిరుగుచున్న జీబ్రా డేనియో అట్టిది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. మొదలుకొని అనేక దేశముల పరిశోధనశాలలలో దీనిని పెంచుచున్నారు. ఆ శాలలలో దీనికి సాధారణముగా దినమునకు 14 గంటల వెలుగు, 10 గంటల చీకటి ఏర్పాటు చేయుదురు. ఇట్టి చేప వెలుగులో దాగినచో దానికి కారణము వెదకవలసినదే. విచిత్రమేమనగా, ఈ చారల చేపను, బొమ్మిడాయిలలో ఒక జాతిని శాస్త్రజ్ఞుల కెరుకపరచినది ఒకే గ్రంథము. ఫ్రాన్సిస్ హామిల్టన్ అను స్కాట్లండు వైద్యుడు గంగానది చేపలపై వ్రాసి 1822 లో ప్రకటించిన పుస్తకమున ఈ రెండును ఉన్నవి. ఒకటి వెలుగున బ్రదుకునది, రెండవది చీకటిన బ్రదుకునది. మన మీ రెంటిని తెచ్చి ఒకే దీపము క్రింద పెట్టుదుము.

ఇక చేప కంటిని గూర్చి కొంచెము చెప్పవలెను. మనము చీకటిగదిలో నుండి ఎండలోనికి వచ్చినపుడు రెప్పలు మూసికొందుము. కంటిపాప దానంతట అదియే చిన్నదై వెలుగును తగ్గించును. మనకు పరిచితములైన చేపలకు రెప్పలు లేవు. పెక్కింటికి కంటిపాప చిన్నదగు శక్తియు లేదు. వాని ఏర్పాటు వేరు. కంటిలోపలి పొరయందు మందవెలుతురులో పనిచేయు కణములును, పగటివెలుగులో పనిచేయు కణములును గలవు. వెలుగు హెచ్చినపుడు నల్లని రంగుపదార్థము జరిగివచ్చి, మొదటి రకపు కణములను తెరవలె కప్పును. చీకటిపడినపుడు అది వెనుకకు తగ్గును. ఈ మార్పు క్షణములో జరుగునది కాదు, దానికి అనేక నిమిషములు, ఒక్కొక్కప్పుడు గంట వరకును పట్టును. ప్రకృతిలో అంత వ్యవధి ఉన్నది. తెల్లవారుట మెల్లగా జరుగును. కటిక చీకటినుండి మిట్టమధ్యాహ్నమునకు ఒక్క గెంతున పోవుట గోదావరిలో ఎన్నడును లేదు. మన యింటి మీట నొక్కగానే తొట్టిలో జరుగునది అదియే. రెప్పలేని కంటికి దాగుటయే రెప్ప.

దీనికితోడు పుట్టినచోటి అలవాటు. ఆషాఢ శ్రావణములలో గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినపుడు జానెడు లోతున చేయి పెట్టినను కనబడదు. 1852 లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టా అంతట అల్లుకొన్న కాలువలను, బోదెలను చూడుడు. గట్టున చెట్లనీడ, నీటిపై అంతరతామర, అడుగున ఒండ్రు. చిన్నచేప ఆ నీడలో పుట్టి ఆ నీడలోనే పెరుగును. తెరపియైన వెలుగులోనికి వచ్చిన చేపకు పైన కొంగయు లకుముకిపిట్టయు, క్రింద కొరమీనును వాలుగయు కాచుకొని యుండును. వెలుగులో ఆదమరచి తిరిగినవి వాని నోట బడినవి, నీడ నెరిగినవి మిగిలినవి. నేటి చేపలు ఆ మిగిలినవాని సంతానము. దక్షిణ అమెరికాలోని అమెజాను అడవులనుండి వచ్చిన నియాన్ టెట్రాకు కూడ ఇదే కథ. ఆకులు నాని తేనీటి రంగు పట్టిన నీటిలో, దట్టమైన చెట్లనీడలో బ్రదికిన జాతి యది.

మన గాజుతొట్టి దీనికి సరిగా విరుద్ధము. నాలుగు ప్రక్కలను తెరపి. అడుగున తెల్లని గులకరాళ్ళు పరచుదుము. అవి దీపపు కాంతిని క్రిందినుండి పైకి త్రిప్పికొట్టును. క్రిందినుండి వచ్చు వెలుగు ఒండ్రుపై నీడలో పెరిగిన చేపకు అలవాటు లేనిది. మరియొక సంగతి మేము చాలకాలము గమనింపలేదు. గది చీకటిగా నుండి తొట్టి మాత్రము వెలుగుచున్నపుడు గాజు లోపలివైపున అద్దమగును. రాత్రి దీపమున్న గదిలోనుండి కిటికీ గాజువైపు చూచినచో మన ముఖమే కనబడును గదా! అట్లే చేపకు నాలుగువైపుల తన నీడయే మరియొక చేపవలె కనబడును. పిరికిచేప దానికి జంకును, పోట్లాడు చేప దానిపైకి దూకును.

అయితే దాగిన ప్రతిచేపయు దీపమునకే దాగినదని తీర్మానింపరాదు. ముందు పరీక్ష చేయవలెను. రెండు దినములు తొట్టి దీపము వేయక, గదిలోని వెలుతురుతోనే గడపి, దూరమునుండి కదలక చూడుడు. చేపలు బయటికి వచ్చి తిరిగి, తిండి తినినచో దోషము దీపముది. అప్పుడును రాక మూలనే నక్కి, రెక్కలు ముడుచుకొని, మొప్పలు వేగముగా ఆడించుచున్నను, నీటి పైకి వచ్చి నోరు తెరచి గ్రుక్కలు మ్రింగుచున్నను, దోషము నీటిది. క్రొత్త తొట్టిలో చేపల మలినమునుండి అమ్మోనియా పుట్టును. దానిని నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చు సూక్ష్మజీవులు చాలినన్ని పెరుగుటకు 4 మొదలు 6 వారములు పట్టును. ఆలోపల ఎక్కువ చేపలను వేసినచో అవి నీటిలోనే విషము త్రాగినట్లగును. అట్టి స్థితిలో దీపమును తగ్గించి ఊరకుండుట ప్రమాదము. నీటిలో నాల్గవ వంతు తీసి, మంచినీరు పోయవలెను.

ఆ మంచినీటి విషయమునను జాగ్రత్త వలయును. కొళాయినీటిలోని క్లోరిను పోవుటకు నీటిని వెడల్పైన పాత్రలో ఒక దినము నిలువయుంచవలెను. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసిన రోజులలో పలువురు నూతినీటిని వాడుదురు. సముద్రతీరపు గ్రామములలో ఆ నీరు ఉప్పన. కావున ఒక్కసారిగా మార్చక కొంచెము కొంచెముగా కలుపవలెను. వేసవిలో వేడిమి మరియొక చిక్కు. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనగా, 30 డిగ్రీల నీరు ఏడున్నరకు మించి ఇముడ్చుకొనలేదు. రాజమహేంద్రవరమున ఎండ 40 డిగ్రీలు దాటు దినములలో పాతరకపు వేడి బల్బు తొట్టిపై వెలిగించుట పొయ్యిమీద పెట్టుటతో సమానము. ఎల్.ఇ.డి. దీపమునకు వేడిమి తక్కువ.

దోషము దీపముదేయని తేలినపిదప చేయవలసిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. వానిని వరుసగా చెప్పెదము.

మొదటిది, దీపముల వరుస. సాయంకాలము ముందుగా గదిలోని దీపము వేయవలెను. అరగంట గడచిన తరువాతనే తొట్టి దీపము. ఆర్పునపుడు తొట్టి దీపము ముందు, గది దీపము వెనుక. కరెంటు పోయి అర్ధరాత్రి వచ్చినపుడు తొట్టి దీపము హఠాత్తుగా వెలుగకుండ, పోయిన వెంటనే మీట ఆర్పియుంచుట మంచిది. ఈ ఒక్క అలవాటుచేతనే సగము భయము తీరును.

రెండవది, వెలుగు కొలత. దీపమును తొట్టికి అంటియుంచక జానెడు ఎత్తుకు లేపుడు. లేదా దానిక్రింద నూనె పూయని తెల్లకాగితమును, మంటకు వేడిమికి తగులకుండ, అడ్డుపెట్టుడు. దినమునకు 8 గంటల దీపము చాలును. మన అక్షాంశమున పగలు శీతకాలమున సుమారు 11 గంటలు, వేసవిని 13 గంటలు ఉండును. చేప ఎరిగిన పగలు అంతకు మించినది కాదు. అర్ధరాత్రివరకు తొట్టిని అలంకారదీపముగా వెలిగించుట చేపకు నిద్ర లేకుండ చేయుటయే. పైగా పాచి పెరుగును. ప్రతిదినము ఒకే వేళకు వేసి, ఒకే వేళకు ఆర్పినచో చేప ఆ వేళను కనిపెట్టుకొని సిద్ధముగా నుండును.

మూడవది, నీడ. నీటిపై మూడవవంతు భాగమున అంతరతామర మొక్కలు తేలవిడిచిన చాలును. వానిని వాడుకొను ముందు రెండు మూడు నీళ్ళు కడిగి, నత్తలు, పురుగులు లేకుండ చూచుకొనవలెను. బాదము చెట్టునుండి రాలిన ఎండుటాకును కడిగి, 20, 30 లీటర్ల నీటికి ఒకటి చొప్పున వేసినచో నీటికి పలుచని తేనీటి రంగు వచ్చి వెలుగు మెత్తబడును. మందులు చల్లిన చెట్ల ఆకులను వాడరాదు. తొట్టి వెనుకవైపునను ప్రక్కలను నల్లని కాగితము అంటించినచో అద్దపు బాధ తగ్గును. అడుగున తెల్లరాళ్ళకు బదులు గోదావరి మెత్తని ఇసుకను జల్లించి, నీరు తేటపడువరకు కడిగి పరచుడు. సముద్రపుటిసుకలో గవ్వల పొడి ఉండును గనుక అది పనికిరాదు.

నాల్గవది, ఇల్లు. కోనసీమ వారికి ఇది చెప్పనక్కరలేదు. కొబ్బరిచిప్ప కంటె మంచి చేపగుహ లేదు. లోపలి కొబ్బరిని, పైని పీచును గీకివేసి, చిప్పను కాచి, కొన్ని దినములు నీటిలో నానవేసి, అంచున ద్వారము వలె పగులగొట్టి బోర్లించవలెను. రంగు పూయని మట్టికుండ పెంకైనను సరిపోవును. అంచులు నున్నగా రుద్దవలెను. చేపకు ఒకటి చొప్పున కాక, చేపల సంఖ్యకు ఒకటి హెచ్చుగా నుంచినచో పోట్లాటలు తగ్గును. బొమ్మిడాయిని పెంచువారు మూతలో పెన్సిలు దూరు సందు కూడ లేకుండ చూడవలెను. ఈ మాట మేము మూల్యము చెల్లించి నేర్చుకొన్నది.

ఐదవది, తోడు. గుంపుగా బ్రదుకు చిన్నచేపలను ఒకటి, రెండు వేసినచో అవి బెదరుచునే యుండును. ఆరుగాని, అంతకు మించిగాని ఉండవలెను. పైనీటిలో పగటిచేపల గుంపు నిర్భయముగా తిరుగుచుండగా చూచి, అడుగున దాగిన పిరికిచేప "ఆపద లేదు" అని ధైర్యము తెచ్చుకొని బయటికి వచ్చును. బొమ్మిడాయికి మాత్రము నోటబట్టు చేపపిల్లలను తోడిచ్చుట, తోడు కాక భోజనమగును.

ఆరవది, తిండి. పగటిచేపకు దీపము వెలిగిన పావుగంటకు, రెండు నిమిషములలో తినగలిగినంత మాత్రము వేయుడు. దినములు గడచినకొలది దీపమునకును తిండికిని దాని మనస్సులో ముడిపడును. రాత్రిచేపకు దీపమార్పిన పిదపనే వేయవలెను. లేనిచో పగటిచేపలు అంతయు తినివేయగా, అది కంటబడకయే చిక్కి చచ్చును. దానిని చూడగోరినచో గదిలో దూరముగా జీరో బల్బు వెలిగించి, కుర్చీలో కదలక కూర్చుండుడు.

ఏడవది, నిశ్శబ్దము. నీటిలో శబ్దము సెకనుకు సుమారు 1500 మీటర్లు పోవును. గాలిలోని వేగమునకు ఇది నాలుగు రెట్లు పైమాట. చేప ఒడలి ప్రక్కన బారుగా నుండు గీత నీటి కదలికను ఇట్టే పసికట్టును. గాజుపై వ్రేలితో కొట్టు దెబ్బ దానికి మనము తలుపు బాదినట్లుండును. కావున శ్రోతలు క్షమింతురుగాక, రేడియో పెట్టెను కూడ తొట్టి యున్న బల్లమీదనే ఉంచవలదు.

ఇన్ని చేసినను ఓపిక లేనివారికి మరియొక ఆలోచన తోచును. "కనబడని చేప ఎందుకు? కాలువలో విడిచిపెట్టుదము." ఇది దయవలె కనబడు అపకారము. పాచి తినునని చెప్పి అంగడిలో వ్రేలెడు పిల్లగా అమ్ము సక్కరు చేప దక్షిణ అమెరికా జాతి. అది రాత్రి తిరుగును, పగలు దాగును, పెరిగి మూరెడగును. తొట్టిలో పట్టని ఆ చేపను విడిచిపెట్టువారు విడిచిపెట్టుటచే, నేడది మన దేశపు చెరువులలోను కాలువలలోను వ్యాపించినది. దాని ఒడలిపై గట్టి పలకలు, ముళ్ళు ఉండుటచే వలలు చినుగుచున్నవి. తినుటకు, అమ్ముటకు పనికిరాని ఆ చేపను ఆంధ్రదేశపు జాలరులు దెయ్యపు చేప యని పిలుచుచున్నారు. ముందుగదిలో మన విసుగు చెరువుపై బ్రదుకువాని కూటిమీదికి వచ్చినది. వద్దనుకొన్న చేపను అంగడివానికో, తొట్టిగల మిత్రునికో ఇయ్యవలెను గాని నీటివనరులలో విడువరాదు. కొనుటకు ముందే అది పగటిదా రాత్రిదా, ఎంత పెరుగునని అడిగినచో ఈ చిక్కు పుట్టనే పుట్టదు.

దాగుచోటు తీసివేసినచో చేప కనబడునని మేము మొదట తలచితిమి. అనుభవమున తెలిసినది దీనికి సరిగా వ్యతిరేకము. దాగుచోటు దగ్గరనున్నదను ధైర్యమున్న చేపయే బయటికి వచ్చును. తలుపున్న యింటి పిల్లవాడే వీధిలో ఆడును గదా!

తరువాత మేము మరియొక బొమ్మిడాయిని తెచ్చితిమి. ఈసారి ముందు మెత్తని ఇసుక పరచి, చిప్పలు బోర్లించి, అంతరతామర వేసి, మూతను బిగించి, చేపను చివరకు తెచ్చితిమి. మొదటి రెండు వారములు అది కనబడలేదు. పిల్లలు అడిగిరి గాని మేము ఇసుక కెలుకలేదు. మూడవ వారమున ఒకనాటి సాయంకాలము దీపము వెలుగుచుండగనే, "అదిగో ముక్కు!" అని చిన్నపిల్ల మెల్లగా, చెవిలో చెప్పినట్లు అన్నది. కొబ్బరిచిప్ప ద్వారమున సన్నని ముక్కు అటునిటు కదలుచున్నది. అందరము ఊపిరి బిగపట్టి కూర్చుంటిమి. కొంతసేపటికి నాలుగంగుళముల ఒడలు బయటికి వచ్చి, ఇసుకపై ఒక చుట్టు తిరిగి, మరల లోనికి పోయినది. గాజుపై కొట్టవలెనని ఆ పూట ఎవ్వరికిని తోచలేదు.